అక్షరం వెనకున్న ఉత్తరాలు

లేఖా సాహిత్యం అని మనకి ఒక పాఠం ఉంది. ఐదు మార్కుల ప్రశ్న. చలం ‘ప్రేమలేఖలు’ పేరు రాసి, నెహ్రూ కూతురికి రాసిన ఉత్తరాలు రాసి, ఉత్తరంలో మనిషి హృదయం కనపడుతుంది అని ఒక వాక్యం పెడితే మార్కులు వచ్చేస్తాయి. హృదయం కనపడే ఉత్తరాల మీద నాకేం కోపం లేదు. పని గురించి రాసుకున్న ఉత్తరాలకి మాత్రం ఆ పాఠంలో ఎందుకు చోటు లేదు అని అడుగుతున్నా. ఇద్దరు మనుషులు ఒక వస్తువు తయారు చేస్తా, అది కుదరక, మళ్ళీ చేసి, ఇది బాలేదు అని ఒకరికొకరు చెప్పుకుంటా రాసుకున్న ఉత్తరాలు. నా మటుకు నాకు అవే ఎక్కువ రుచి.

అట్లాంటివి చెప్పమంటే నేను విలియం అడిసన్ డ్విగ్గిన్స్ ఉత్తరాలు చెప్తాను. ఈయన అమెరికాలో పుస్తకాల రూపం, అక్షరాల రూపం గీసిన మనిషి. మన లైబ్రరీలో ఇంగ్లీషు నవలల బీరువాలో క్నాఫ్ అనే న్యూయార్క్ కంపెనీ పాత పుస్తకాలు కనపడితే చివరి పేజీ తిప్పి చూడండి. ఈ పుస్తకం ఏ టైపులో అచ్చయింది, ఆ టైపు ఎవరు గీశారు అని చిన్న పేరా ఒకటి ఉంటుంది. ఎలెక్ట్రా అనో కలెడోనియా అనో ఉంటే పక్కన ఈయన పేరు ఉంటుంది. 1926లో విల్లా కేథర్ చిన్న నవలతో మొదలుపెట్టి ఆ కంపెనీకి ఈయన వందల పుస్తకాలకి రూపం ఇచ్చాడు. కథ రాసినామె పేరు అట్ట మీద, అక్షరం గీసినాయన పేరు చివరి పేజీలో. ఆ మాత్రమైనా వేశారు. మన తెలుగు పుస్తకాల్లో డి.టి.పి. చేసినవాళ్ళ పేరే ఒక్కోసారి ఉండదు, ఇంక ఫాంట్ గీసినవాళ్ళ సంగతి చెప్పాలా!

డ్విగ్గిన్స్ 1880లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. చికాగోలో ఫ్రెడరిక్ గౌడీ దగ్గర అక్షరాలు గీయడం నేర్చుకున్నాడు. 1904లో గురువు వెంట బోస్టన్ దగ్గర హింగమ్ అనే ఊరికి వచ్చాడు. గురువు రెండేళ్ళకి న్యూయార్క్ వెళ్ళిపోయాడు, శిష్యుడు 1956లో చనిపోయేదాకా ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. చాలా ఏళ్ళు ప్రకటనలకి బొమ్మలు, అక్షరాలు గీసి బతికాడు. 1922లో షుగరు వ్యాధి బయటపడింది. ఇన్సులిన్ మొదటిసారి మనిషికి ఎక్కించింది ఆ ఏడే, అంటే అప్పటికి షుగరు అంటే ఏంటో ఊహించుకోండి. ఆ తర్వాత ప్రకటనల పని మెల్లిగా తగ్గించి, తనకి ఇష్టమైన పుస్తకాల వైపు తిరిగాడు.

ఇప్పుడు ఉత్తరాల సంగతి. అది మొదలైన తీరే నాకు భలే నచ్చింది. 1928లో ఈయన ప్రకటనల పేజీలు ఎలా అమర్చాలో చెప్తా ఒక పుస్తకం రాశాడు. అందులో, తోకలు లేని సాదా అక్షరాలు ఉంటాయి కదా, ఆ రకంలో మంచివి దొరకడం లేదని కొంచెం గట్టిగానే విసుక్కున్నాడు. బ్రూక్లిన్‌లో మెర్గెన్‌థాలర్ లైనోటైప్ అని పెద్ద కంపెనీ, అచ్చు మెషీన్లు చేసేవాళ్ళు. అక్కడున్న హ్యారీ గేజ్ అనే ఆయన ఆ పుస్తకం చదివాడు. కోపం తెచ్చుకోలేదు, మా టైపుల్ని అంటావా అని పోట్లాడలేదు. అయితే మీరే ఒకటి గీసి ఇవ్వండి అన్నట్టు ఉత్తరం రాశాడు. డ్విగ్గిన్స్ సరే అన్నాడు. అట్లా పుట్టిందే మెట్రో. అచ్చుకి పనికొచ్చే టైపు ఆయన గీయడం అదే మొదలు. అప్పటికి వయసు నలభై తొమ్మిది. పంతొమ్మిదేళ్ళకే మనం ‘నాకు డ్రాయింగ్ రాదులే’ అని ముగించేస్తున్నాం, అది వేరే విషయం.

అక్కణ్ణుంచి కంపెనీలో అక్షరాల విభాగం చూసే చాన్సీ గ్రిఫిత్‌కీ ఈయనకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. దాదాపు ఇరవై ఏళ్ళు. డ్విగ్గిన్స్ హింగమ్‌లో, గ్రిఫిత్ బ్రూక్లిన్‌లో. ఇక్కడ గీసిన బొమ్మ పోస్టులో అక్కడికి వెళ్తుంది. అక్కడ దాన్ని పెద్దదిగా మళ్ళీ గీసి, కొలిచి, లోహంలో చెక్కి, పోతపోసి, ప్రూఫు తీసి తిరిగి పంపుతారు. ఈయన ప్రూఫు మీద గుర్తులు పెట్టి, ఎందుకు బాలేదో రాసి మళ్ళీ పోస్టులో వేస్తాడు. ఒక టైపు బయటికి రావాలంటే ఈ తిరుగుడు ఏళ్ళు పట్టేది. ఆ ఉత్తరాలు ఇప్పుడు కొన్ని కెంటకీ విశ్వవిద్యాలయంలో గ్రిఫిత్ కాగితాల్లో, కొన్ని బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోంచి తీసి పుస్తకాల్లో వేసిన భాగాలే నేను చదివినవి. అవి చాలు, ఆ మనుషులు ఎట్లాంటివాళ్ళో తెలిసిపోవడానికి.

లైనోటైప్ ఎట్లా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే వాళ్ళ తగువు అర్థం కాదు. కంపోజిటరు కీ నొక్కితే పైనున్న పెట్టెలోంచి చిన్న ఇత్తడి మూస జారి కింద పడుతుంది. లైనుకి సరిపడా మూసలు చేరాక వాటి మీదికి కరిగిన సీసపు మిశ్రమం వస్తుంది, లైను మొత్తం ఒకే కడ్డీగా బయటపడుతుంది. అందుకే ఆ పేరు. పేపర్లకి అది వరం. అక్షరం గీసేవాడికి మాత్రం చెర లాంటిది. ఎందుకంటే ఒక మూస మీద రెండు అక్షరాలు ఉంటాయి, మామూలు నిలువు అక్షరం ఒకటి, దాని వాలు అక్షరం ఒకటి. రెండూ ఒకే వెడల్పులో ఇమడాలి. నిలువు అక్షరం వెడల్పుగా ఉండాలని ఉన్నా, వాలు అక్షరం సన్నగా ఉండాలని ఉన్నా కుదరదు. ఒక్క అక్షరం కూడా తన గడి దాటి పక్క అక్షరం మీదికి వంగడానికి లేదు. ఇంగ్లీషులో ఎఫ్ అనే అక్షరం తల సహజంగా పక్కకి వంగుతుంది కదా, ఈ మెషీన్‌లో దాని మెడ బిగించి నిలబెట్టాల్సిందే.

ఇద్దరిలో ఎవరిది పైచేయి అని అడిగితే చెప్పడం కష్టం. ఒకాయన చేతికి ఏది అందమో తెలుసు, ఇంకొకాయనకి మెషీన్ ఏది ఒప్పుకుంటుందో తెలుసు. గ్రిఫిత్ సామాన్యుడు కాదు. వార్తాపత్రికల చెత్త కాగితం మీద, హడావుడి సిరాలో కూడా అక్షరం విడివిడిగా కనపడాలని అయోనిక్, ఎక్సెల్సియర్ లాంటి టైపులు తీసుకొచ్చినాయన. టెలిఫోన్ డైరెక్టరీకి చిన్న సైజు అక్షరాలు చేయించింది కూడా ఆయనే. అట్లాంటి మనిషికి హింగమ్ నుంచి ఒక బొమ్మలాటగాడు సలహాలు ఇస్తున్నాడు!

బొమ్మలాటగాడు అని ఊరికే అనలేదు. డ్విగ్గిన్స్‌కి దారాల బొమ్మలు చెక్కే పిచ్చి ఉండేది. చెక్కతో తలలు చెక్కి, బట్టలు కట్టి, తన సొంత చిన్న థియేటర్లో ఊరివాళ్ళకి నాటకాలు ఆడించేవాడు. ఒకసారి ఒక చిన్నపిల్ల ముఖం చెక్కాల్సి వచ్చింది. చిన్నపిల్ల కదా అని బుగ్గలు, గడ్డం అన్నీ నున్నగా, మెత్తగా చెక్కాడు. చేతిలో బాగుంది. దూరం నుంచి చూస్తే ముఖంలో కళే లేదు. అప్పుడు ఆ మెత్తదనం తీసేసి, బుగ్గల దగ్గర పదునుగా, పలకలు పలకలుగా కోశాడు. దగ్గర నుంచి చూస్తే మొరటు. వెనక వరసలో కూర్చుని చూస్తే అదే ముఖం లేతగా, నవ్వుతా ఉన్నట్టు కనపడింది.

మనకి ఇది కొత్త కాదు. తెరుక్కూత్తు వేషగాణ్ణి పక్కన నిలబడి చూస్తే ఆ కనుబొమ్మల రంగు భయంగా ఉంటుంది, చివర చాప మీద కూర్చున్నవాళ్ళకి అదే చక్కటి ముఖం. తోలుబొమ్మకి నగలు, చీర అంచు గీసి వదిలేయరు, బెజ్జాలు పొడిచి వెనక దీపం వెలుగు రానిస్తారు. ఆట ఆడేవాళ్ళందరికీ ఈ గుట్టు తెలుసు. డ్విగ్గిన్స్ చేసిన ఎక్కువ పని ఏంటంటే, ఆ గుట్టుని అక్షరం దగ్గరికి తీసుకొచ్చాడు. చదివే కంటికీ చిన్న అచ్చక్షరానికీ మధ్య దూరం కూడా థియేటర్లో దూరం లాంటిదే కదా అనుకున్నాడు. అక్షరం బయటి వంపు గుండ్రంగా ఉంచి, లోపలి ఖాళీని మాత్రం కోణాలుగా, పదునుగా కోస్తే, చిన్న సైజులో అది మెత్తగా, చురుగ్గా కనపడుతుందని 1937 ప్రాంతంలో గ్రిఫిత్‌కి రాశాడు. ఈ ఉపాయానికి ఎం-ఫార్ములా అని పేరు కూడా పెట్టాడు, ఎం అంటే మారియనెట్, దారం బొమ్మ.

ఇప్పుడు గ్రిఫిత్ స్థానంలో మనం ఉన్నాం అనుకోండి. పెద్ద కంపెనీ ఆఫీసు, బల్ల మీద పేపర్ల ఆర్డర్లు, ఒకాయన ఉత్తరం రాసి బొమ్మ పిల్ల బుగ్గల గురించి చెప్తున్నాడు. చాలామంది నవ్వి పక్కన పెడతారు. గ్రిఫిత్ పెట్టలేదు. అట్లా గీసిన అక్షరాల్ని లోహంలో పోయించి చూశాడు. అన్నీ బయటికి రాలేదు. ఈ ఇద్దరి మధ్య గీసి, పోసి, ప్రూఫు తీసి, చివరికి మానేసిన టైపులు బోలెడు. ఊరి పేరు మీద హింగమ్ అని పేపర్ల కోసం చేసినది కూడా అట్లాగే ఆగిపోయింది. బయటికి వచ్చి నిలబడినవి మెట్రో, 1935లో ఎలెక్ట్రా, ఆ దశాబ్దం చివర కలెడోనియా, 1953లో ఎల్డొరాడో, ఇట్లా కొన్నే. ఫాల్కన్ అనేది 1961లో వచ్చింది, ఆయన పోయిన ఐదేళ్ళకి. అచ్చులో మిగిలినవాటిని మాత్రమే చూస్తే డ్విగ్గిన్స్ ఐదారు టైపులు గీసిన మనిషి. ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది, ఆయన ఎక్కువ కాలం గీసింది ఆగిపోయినవాటినే. అట్లా ఆగిపోయిన పని నుంచి ఇప్పటి రూపకర్తలు నేర్చుకున్నారు కూడా. పేపర్ల కోసం సైరస్ హైస్మిత్ గీసిన ప్రెన్సా అనే ఫాంట్‌లో లోపలి కోణాలు చూస్తే ఆ బొమ్మ పిల్ల బుగ్గలే గుర్తొస్తాయి.

ఇంకో ఉత్తరం చెప్పకుండా ఉండలేను. రుడాల్ఫ్ రుజిచ్‌కా అని చెక్క మీద బొమ్మలు చెక్కే స్నేహితుడు ఉండేవాడు, చెక్ దేశం నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడినాయన. ఆయన కూడా లైనోటైప్‌కి ఒక టైపు గీశాడు. అక్షరం ఎట్లా గీస్తావయ్యా అని ఈయన్ని అడిగాడు. దానికి డ్విగ్గిన్స్ రాసిన జవాబుని 1940లో హార్వర్డ్ కాలేజీ లైబ్రరీ చిన్న పుస్తకంగా వేసింది. అందులో పెద్ద సిద్ధాంతాలేం లేవు. ఎంత సైజులో గీస్తాను, దేంతో గీస్తాను, ఒక అక్షరంలో కుదిరిన వంపు పక్క అక్షరంలో ఎందుకు కుదరదు, లైనుగా పేర్చాక ఏం తేడా వస్తుంది, అంతా చేతిపనిని పక్కన కూర్చోబెట్టి చూపించినట్టు. తన వృత్తి రహస్యం పోటీ పడగల మనిషికే చెప్పేశాడు. దాచుకోవాలని ఆయనకి తోచినట్టు లేదు. నాకు ఆ ఉదారత ముందు ఏ ప్రేమలేఖా ఆనదు.

హాస్యం కూడా ఉంది, మర్చిపోయేను. ఈయన హెర్మన్ ప్యూటర్‌షైన్ అని లేని మనిషిని ఒకణ్ణి పుట్టించి, వాడి పేరుతో వ్యాసాలు రాసేవాడు, తన పని మీద తానే విమర్శ రాసుకునేవాడు. లిపికారుల సంఘం అని లేని సంఘం ఒకటి పెట్టి, 1919లో ఆ సంఘం పేరుతో ఇప్పటి పుస్తకాలు ఎంత ఛండాలంగా అచ్చవుతున్నాయో విచారణ జరిపినట్టు ఒక వ్యంగ్య పుస్తకం వేశాడు. ఎలెక్ట్రా వచ్చినప్పుడు దాని గుణాలు చెప్పడానికి, జపాన్ సాధువు కోబో దైషితో తాను మాట్లాడినట్టు ఒక సంభాషణ రాశాడు. జపాన్ కానా లిపి ఆ సాధువే కనిపెట్టాడని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ లిపిని పిల్లలు అ, ఇ, ఉ అని మొదలుపెట్టి క, స, త అని వల్లిస్తారు, ఆ వరస బౌద్ధం వెంట మన దేశం నుంచి వెళ్ళిందే. అది నాకు వేరే ఆనందం.

ఒకరి ఉత్తరాలు ఇంకొకరు చదవొచ్చా అని మన క్లాసులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. మనసు విప్పి రాసుకున్న ఉత్తరాలైతే నేనూ వెనకాడతాను. ఇవి పని కాగితాలు. రుజిచ్‌కాకి రాసినదైతే ఇద్దరూ బతికుండగానే అచ్చయింది. అయినా అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: ఇవన్నీ ఇన్నాళ్ళు ఎవరు దాచారు? డ్విగ్గిన్స్ చివరి ఏళ్ళలో ఆయనతో కలిసి పనిచేసిన డొరొతీ ఆబి అనే ఆవిడ, తాను స్వయంగా అచ్చుపని తెలిసిన రూపకర్త, ఆయన పోయాక ఆ బొమ్మలు, గీతలు, కాగితాలు పట్టుకుని కూర్చుంది. బొమ్మల గురించి 1970లో పుస్తకం వేసింది. ఆమె పట్టుదల వల్లే బోస్టన్ లైబ్రరీలో ఆయన సామాను అంతా ఒక చోట ఉంది. ఉత్తరాల్లో మాట్లాడుకున్నది ఇద్దరు మొగవాళ్ళు. ఈ కథ చెప్పేవాళ్ళు ఆమె పేరు ఒక లైనులో దాటేస్తారు. నాకైతే ఆమె మీద ఒక పూర్తి వ్యాసం రాయాలని ఉంది.

ఇదంతా మన గోడపత్రికలో ఎందుకు రాస్తున్నాను అంటే, వచ్చే సంచిక నుంచి చేతిరాత మానేసి, అన్నీ కంప్యూటర్లో కొట్టి ఎ-ఫోర్ కాగితాల మీద ప్రింటు తీసి అంటిద్దామని అనుకుంటా ఉన్నాం. నీటుగా ఉంటుంది, తప్పులు దిద్దుకోవచ్చు, అక్కలకి చార్టు మీద రాసే శ్రమ తప్పుతుంది. ఈ కారణాలన్నీ నిజమే. నేను ప్రింటుకి వ్యతిరేకం కాదు. అయితే నమూనా కాగితం మొన్న బోర్డు మీద పెట్టినప్పుడు ఎవరైనా నాలుగడుగులు వెనక్కి నిలబడి చూశారా? గోడపత్రికని ఎవరూ ఒళ్ళో పెట్టుకుని చదవరు. ఇంటర్వెల్‌లో ముందు నలుగురు నిలబడితే వెనకవాళ్ళు భుజాల మీదుగా చదువుతారు. అది థియేటర్లో వెనక వరసే. ఆ ఫాంట్‌లో, ఆ సైజులో, ద, ధ, థ ఒకే ముద్దలా ఉన్నాయి. థ లోపలి చుక్క సిరాలో మునిగిపోయింది. ప కీ ష కీ తేడా వెతుక్కోవాలి. కింద వత్తులు వచ్చినచోట పై లైనూ కింద లైనూ రాసుకుంటున్నాయి, ఎందుకంటే లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకి పెట్టినంతే పెట్టారు.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. వాళ్ళు మాట మొదలు చూసి మిగతాది ఊహించేస్తారు. మన క్లాసులో సగం మంది అట్లా కాదు కదా. మనది తమిళనాడు. స్కూల్లో తమిళం, ఇంగ్లీషు చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, అక్షరాలు మాత్రం కాలేజీకి వచ్చాకే దిద్దినవాళ్ళం. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. అమ్మమ్మకి ఎన్ని పాటలు వచ్చో, తెలుగులో ఒక్క అక్షరం చదవడం రాదు. మా లాంటివాళ్ళకి ప్రతి అక్షరం ఒక్కొక్కటిగా కంటికి ఆనాలి. ఆనకపోతే ఏమవుతుంది? రెండు లైన్లు తడుముకుని, బాగుంది అని ఒక మాట అనేసి క్యాంటీన్‌కి వెళ్ళిపోతాం. మా ఫ్రెండ్స్‌లో అట్లా వెళ్ళిపోయేవాళ్ళని నేను చూస్తూనే ఉన్నా. వాళ్ళకి తెలుగు మీద ప్రేమ లేదని మేడమ్‌లు అనుకుంటారు. అది నిజం కాదు.

ఇంకోటి కూడా. నమూనా చూసి అందరం సూపర్ అన్నాం. గ్రూపులో ముప్పై బొటనవేళ్ళు వచ్చాయి. గ్రిఫిత్ ఒక్క ప్రూఫుకైనా బొటనవేలు పంపి ఊరుకుని ఉంటే ఎలెక్ట్రా అనేది ఉండేది కాదు. బాలేదని చెప్తే గీసినవాళ్ళు నొచ్చుకుంటారని మన భయం. వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళు బాలేదని చెప్పుకున్నారు, ఎక్కడ బాలేదో, ఎందుకు బాలేదో రాసి మరీ చెప్పుకున్నారు, స్నేహం చెడలేదు. కారణం రాసి చెప్పడానికీ మొహం మీద అనేయడానికీ చాలా తేడా ఉంది.

అందుకని ఎడిటోరియల్ అక్కలకీ మేడమ్‌లకీ నేను అడిగేది ఇంతే. ఫాంట్ ఖాయం చేసే ముందు ఒకే పేరాని మూడు నాలుగు ఫాంట్లలో, రెండు సైజుల్లో ప్రింటు తీసి బోర్డు మీద ఒక వారం ఉంచండి. పక్కన చేతిరాతలో అదే పేరా పెట్టండి, ఏది గెలుస్తుందో చూద్దాం. బోర్డు కింద మేకుకి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను వేలాడదీయండి. చదివినవాళ్ళు తమకి ఏ అక్షరం తెలియలేదో, ఎంత దూరంలో నిలబడ్డారో రాయాలి. తెలుగులో రాయడం రాకపోతే తమిళంలో రాయనివ్వండి. ఎడిటర్లు దాని కిందే జవాబు రాయాలి, కుదరదు అంటే ఎందుకు కుదరదో కూడా. నోటుబుక్కు నిండితే పారేయకుండా డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టండి. మొదటి పేజీలో మొదటి ఫిర్యాదు నేనే రాస్తాను: థ లోపల చుక్క కనపడటం లేదు, ఐదడుగుల దూరం, మధ్యాహ్నం ఇంటర్వెల్.